వానకు తడిసిన డప్పు

"అన్నా, ఫోన్ స్పీకర్ల ఇనకు. హెడ్‌ఫోన్స్ పెట్టుకొని ఇను. మధ్యల ఆపకు."

శుక్రవారం సాయంత్రం సికింద్రాబాద్‌లో రైలెక్కాను. కిటికీ పక్కన సీటు దొరికిందన్న సంతోషంలో ఉండగా వాట్సాప్‌లో వచ్చిన మెసేజ్ ఇది. పంపింది మా చిన్నమ్మ కొడుకు. ఉండేది భూపాలపల్లి. పెళ్లి బరాత్‌లకు డీజే కొడతాడు. మెసేజ్ కింద ఓ ఆడియో ఫైల్, ఆరు నిమిషాల నలభై సెకన్లు. పేరు ‘ఫైనల్ ఫైనల్ 3’. నాలాగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేవాళ్లకు ఇలాంటి పేర్లు కొత్త కాదు కాబట్టి నవ్వుకున్నాను.

మావాడి డీజే అంటే నాకు తెలిసింది ఒకటే. డీసీఎం మీద మనిషెత్తు బాక్సులు, గుండె అదిరే తీన్మార్, దుమ్ములో ఎగిరే పోరగాళ్లు. అట్లాంటిదే ఇంకోటి అనుకుని ప్లే నొక్కాను.

అది కాదు. పక్క గదిలో ఎవరో గోడను మెత్తగా తడుతున్నట్టు ఒక దెబ్బ, సెకనుకు దాదాపు రెండుసార్లు. దాని మీద కీబోర్డు స్వరాలు, ఏదో చెప్పబోయి ఆగిపోయినట్టు. తొందర లేదు, అరుపుల్లేవు, హీరో పేరు లేదు. రైలు ఘట్‌కేసర్ దాటింది. రెండో నిమిషంలో డప్పు వచ్చింది. ఎక్కడో దూరం నుంచి, గొంతు బొంగురుపోయినట్టు ఉన్న డప్పు. భువనగిరి గుట్ట కిటికీలోంచి వెనక్కి పోతుంటే కళ్లు మూసుకుని మళ్లీ మొదటినుంచి విన్నాను. ఆలేరు దాటాక మూడోసారి పెట్టాను.

ఆ మూడోసారి దొరికింది. నాలుగో నిమిషం దగ్గర పాట మొత్తం ఆగుతుంది. కీబోర్డు లేదు, కింద దెబ్బ లేదు, డప్పు కూడా ఆగిపోతుంది. వాన చప్పుడు ఒక్కటే. ఎవరో దగ్గుతారు. తర్వాత చాలా దూరం నుంచి ఒక మగ గొంతు: "నాయినా... నాయినా... నాయినా..."

ఆ గొంతు మా మేనమామది. ఆ వాన 2019 జూలైది. ఆ రోజు మా తాత పాడె ముందు మోగిన డప్పు ఇది.

పెంబర్తి వచ్చింది, పోయింది. జనగామలో దిగాల్సినవాణ్ణి బ్యాగ్ మరిచిపోబోయాను.

ఈ రకం పాటను డీప్ హౌస్ అంటారు. మీలో చాలామంది పేరు తెలియకుండానే వినే ఉంటారు. కాఫీ షాపుల్లో, ట్రావెల్ రీల్స్ వెనక వినపడేది చాలావరకు ఈ ఇంటి పిల్లే. హౌస్ పుట్టింది అమెరికాలోని షికాగోలో. 1977లో అక్కడ వేర్‌హౌస్ అనే క్లబ్ మొదలైంది. ఫ్రాంకీ నకల్స్ అనే డీజే అందులో రికార్డులు కలిపి వాయించేవాడు. వచ్చేవాళ్లలో ఎక్కువమంది నల్లజాతి, లాటినో కుర్రాళ్లు, అందులోనూ బయట ఎక్కడా చోటు దొరకని స్వలింగ సంపర్కులు. ఆ క్లబ్ పేరులోని చివరి ముక్కే సంగీతానికి పేరైందని చెబుతారు. తర్వాత అదే ఊరివాడు లారీ హెర్డ్ దానికి నెమ్మదినీ, కొంచెం దిగులునీ కలిపాడు. 1986లో వచ్చిన అతని ‘కెన్ యూ ఫీల్ ఇట్’ను డీప్ హౌస్‌కు మూలస్తంభం లాంటి ట్రాక్‌గా లెక్కేస్తారు. మెషీన్ల దగ్గరికి రాకముందు లారీ హెర్డ్ డ్రమ్స్ వాయించేవాడు. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

ఇందులో నిమిషానికి సుమారు 120 దెబ్బలు. మన బరాత్ పాటలు దీనికన్నా చాలా ఉరుకుతాయి. అసలు పని అంతా కింది శబ్దంలో, యాభై అరవై హెర్ట్జ్ దగ్గర జరుగుతుంది. ఫోన్‌లో ఉండే చిన్న స్పీకర్ అంత కిందికి దిగలేదు. మావాడు హెడ్‌ఫోన్స్ పెట్టుకోమన్నది అందుకే.

ఆదివారం హన్మకొండలో బస్సెక్కి పరకాల మీదుగా భూపాలపల్లి పోయాను. మా బాబాయ్ సింగరేణిలో, కేటీకే గనిలో చేస్తాడు. నేను పోయేసరికి నైట్ షిఫ్ట్ దిగి పడుకున్నాడు. క్వార్టర్‌లో అందరూ మునివేళ్ల మీద నడుస్తున్నారు. వెనక గదిలో తమ్ముడి సామ్రాజ్యం: ఒక పాత ల్యాప్‌టాప్, కొంచెం విరిగిన చిన్న కీబోర్డు, గోడకు అట్టపెట్టెలు, ఒక జత హెడ్‌ఫోన్స్. స్పీకర్లు బయట డీజే బండిలో ఉన్నాయి, ఇంట్లో పెడితే బాబాయ్ లేస్తాడు.

"నాయిన నిద్రపోయినప్పుడే పని చేస్త. సప్పుడు చెయ్యొద్దు. అందుకే నా మ్యూజిక్ గిట్ల మెత్తగ అయింది కావొచ్చు" అని నవ్వాడు.

మధ్యాహ్నం ఓపెన్‌కాస్ట్‌లో బ్లాస్టింగ్ జరిగితే కిటికీ అద్దం గిలగిలలాడింది. ఆ శబ్దాన్ని కూడా వాడు రికార్డ్ చేసి పెట్టుకున్నాడు. ఒకసారి కాదు, నలభై సార్లు.

తాత పోయిన రోజు వాడు ఇంటర్. ఏడుపు రాక, ఏం చెయ్యాలో తోచక, ఫోన్ జేబులో పెట్టుకుని రికార్డింగ్ నొక్కాడట. పదకొండు నిమిషాలు. ఐదేళ్లు దాన్ని ముట్టుకోలేదు. పోయిన ఏడాది ఒక రాత్రి తీసి వింటే, ఆ డప్పు కింది శబ్దం తన కీబోర్డు స్వరానికి అచ్చంగా సరిపోయిందట. ఎనిమిది సెకన్ల ముక్క కోశాడు. నిమిషానికి 108 ఉన్నదాన్ని 118కి లాగాడు. పాట అంతా దాని చుట్టూ కట్టాడు. ఆ ఆగిపోయే చోటును మాత్రం కొయ్యలేదు, ఉన్నది ఉన్నట్టు పెట్టాడు.

"ఇది రిలీజ్ చేస్తున్న అన్నా. అన్ని యాప్‌లల్ల వస్తది. నా మొదటి రికార్డ్."

నేను అడిగింది ఒక్కటే. "డప్పు కొట్టినాయన్ను అడిగినవా?"

వాడు నావైపు వింతగా చూశాడు. "డప్పుకు కాపీరైట్ ఏందన్నా? గది అందరిది కదా."

నాకు నిజంగా కోపం రాలేదు, ఎందుకంటే ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ ఇదే మాట అన్నాను. ఇంటర్నెట్‌లో ఊరికే దొరికే ఒక కోడ్ ఫైల్ తీసుకుని, పైన ఉన్న పేరూ, లైసెన్స్ లైన్లూ చెరిపేసి మా ప్రాజెక్టులో పెట్టాను. సీనియర్ పిలిచి, "ఫ్రీగా ఇచ్చినోడు అడిగింది ఒక్కటే కదా, తన పేరు ఉంచమని. అది కూడా ఉంచలేవా?" అన్నాడు. ఎంఐటీ లైసెన్స్ అనేది నిజంగా అంతే. తీసుకో, మార్చుకో, అమ్ముకో, కానీ పై రెండు లైన్లు చెరపకు. కోట్ల కంప్యూటర్లు ఆ చిన్న మర్యాద మీద నడుస్తున్నాయి.

అదే తమ్ముడికి చెప్పాను. వాడు ఒప్పుకోలేదు. "కోడ్ ఒకడు రాస్తడు. దరువు ఎవలు రాసిన్రు?"

ప్రశ్న మంచిది. ఆ రాత్రి జనగామ వచ్చి కూర్చుని చదివాను. దరువు అందరిదీ అనడం సబబే, తరతరాల సొత్తు ఏ ఒక్కరిదీ కాదు. కానీ ఆ రోజు, ఆ వానలో, ఆ చేతులు కొట్టిన ఆ కొట్టుడు మాత్రం ఒక మనిషిది. మన 1957 కాపీరైట్ చట్టం ఈ రెంటినీ వేరుగా చూస్తుంది. ‘ప్రదర్శకుడు’ అంటే ఎవరో అందులో జాబితా ఉంది: నటులు, గాయకులు, వాద్యకారులు, నర్తకులతో పాటు గారడీవాళ్లు, పాములాడించేవాళ్లు కూడా. ప్రదర్శకుడి హక్కు యాభై ఏళ్లు ఉంటుంది. 2012 సవరణలో చేరిన 38బి సెక్షన్ ప్రకారం, ఇది చేసింది నేను, నా పేరు చెప్పండి అని అడిగే హక్కు కూడా ఉంది. పాములాడించే మనిషికి ఉన్న హక్కు డప్పు కొట్టే మనిషికి లేకుండా పోతుందా?

అడగకపోతే ఏమవుతుందో చెప్పే కథ ఒకటుంది. 1969లో ది విన్‌స్టన్స్ అనే అమెరికన్ బ్యాండ్ ‘ఆమెన్, బ్రదర్’ అని ఒక పాట చేసింది. మధ్యలో గ్రెగరీ కోల్మన్ అనే డ్రమ్మర్ ఏడు సెకన్లు ఒంటరిగా వాయిస్తాడు. ఆ ఏడు సెకన్లను కోసి వేల పాటల్లో వాడారు. ఒక సంగీత శైలి మొత్తం దాని మీదే నిలబడింది. కోల్మన్‌కు పైసా రాలేదు. 2006లో చనిపోయాడు, చివరి రోజుల్లో తలదాచుకోను ఇల్లు కూడా లేదు. 2015లో అభిమానులు చందాలు వేసి సుమారు 24 వేల పౌండ్లు ఆ బ్యాండ్ నాయకుడు రిచర్డ్ స్పెన్సర్‌కు ఇచ్చారు. అప్పటికి ఆ ఏడు సెకన్లు వాయించినవాడు లేడు.

లారీ హెర్డ్‌ను గుర్తుపెట్టుకోమన్నాను కదా. తనకు రావాల్సిన రాయల్టీ రాలేదంటూ అతనూ, గాయకుడు రాబర్ట్ ఓవెన్స్ కలిసి 2020లో ట్రాక్స్ రికార్డ్స్ కంపెనీ మీద కేసు వేశారు. 2022లో రాజీ కుదిరి, వాళ్ల పాటల హక్కులు వాళ్లకు తిరిగొచ్చాయి. డీప్ హౌస్‌కు పునాది వేసిన మనిషికే తన పాట తనదని తేల్చుకోవడానికి ముప్ఫై ఆరేళ్లు పట్టింది.

ఇవన్నీ వాయిస్ మెసేజ్‌లుగా పంపాను. తెల్లారి తమ్ముడి నుంచి ఒక్క లైన్ వచ్చింది. "సరే అన్నా, అడుగుదాం. ఆయన పేరేంది?"

నాకు తెలియదు.

మా జనగామ జిల్లా పేరు చెబితే ఒగ్గుకథ చుక్క సత్తయ్య పేరు చెప్పగలను. చిందు యక్షగానానికి 2024లో పద్మశ్రీ అందుకున్న గడ్డం సమ్మయ్య పేరు చెప్పగలను. పోటీ పరీక్షల బిట్లలో బట్టీ పట్టినవి ఇవి. మా అమ్మమ్మ ఊళ్లో ప్రతి బోనాలకూ, ప్రతి చావుకూ నా కళ్ల ముందు డప్పు కొట్టిన మనిషి పేరు మాత్రం తెలియదు. మా ఇంట్లో ఆయన ‘డప్పాయన’. అమ్మకు ఫోన్ చేస్తే అమ్మ కూడా "డప్పాయనే కదరా" అంది. చివరికి మా మామను అడిగితే ఒక పేరు చెప్పాడు. సగానికి కోసిన పేరు, చివర ‘గాడు’ అని తోక. నాకంటే నలభై ఏళ్లు పెద్దమనిషి ఆయన.

మేం భూస్వాములం కాదు. మా తాతది నాలుగెకరాల మిర్చి సేద్యం, అంతే. అయినా ఆ తోక తగిలించే ధైర్యం మా ఇంటికి ఎక్కణ్నుంచి వచ్చిందో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

రెండు వారాల తర్వాత జనగామలో రైలెక్కాను. తమ్ముడు వరంగల్‌లో కలిశాడు. కేసముద్రం దాటాక కిటికీ బయట కల్లాల్లో మిర్చి ఆరబోసి ఉంది, ఎర్రగా, మైలు పొడవునా. మహబూబాబాద్‌లో దిగాం. పాతవాళ్లకు అది ఇప్పటికీ మానుకోటే. అక్కణ్నుంచి ఆటోలో కురవి దారిలో మా అమ్మమ్మ ఊరు.

మామ గడపలోనే అందుకున్నాడు. "తాత సావును పాట చేసిన్రా? దానికి ఎగురుతరా? ఇగ వాణ్ణి అడుగుడేంది? మనం పైసలిచ్చినం, వాడు కొట్టిండు."

తమ్ముడు తల దించుకున్నాడు. నేను సెక్షన్ 38బి చెప్పబోయాను, మామ మొహం చూసి ఆగాను. మంచంలో ఉన్న అమ్మమ్మ మెల్లగా అంది. "పోయి అడుగుండ్రి. ఆ దినమంత వాన్ల తడుసుకుంట కొట్టిండు. మాట్లాడుకున్నదాంట్ల ఐదు నూర్లు తక్కువిచ్చిన్రు. నాకు యాదికుంది." కొంగు ముడి విప్పి ఐదు వందల నోటు నా చేతిలో పెట్టింది. మామ ఏం మాట్లాడకుండా పశువుల కొట్టం వైపు వెళ్లిపోయాడు.

ఆయన ఇల్లు ఊరి చివర. చెప్పులు విప్పి లోపలికి పోతే, మంచం మీద కూర్చున్న మనిషి లేచి నిలబడ్డాడు. కూర్చోమని మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది. నోట్లోంచి "తాతా" అని వచ్చింది. ఇన్నేళ్లలో ఆయన్ని నేను ఏదైనా పిలుపుతో పిలవడం అదే మొదలు.

ఐదు వందల నోటు ఇచ్చి, ఎందుకో చెప్పాం. తీసుకుని కళ్లకద్దుకోలేదు, లెక్క సరిపోయినట్టు తలూపి జేబులో పెట్టుకున్నాడు. మోకాళ్లు అరిగిపోయాయట. కొడుకు హైదరాబాద్‌లో మేస్త్రీ పని. డప్పు అటక మీద ఉంది.

"ఇప్పుడు ఎవలు పిలుస్తున్నరు బిడ్డా? పెండ్లిళ్లు డీజేకు పోయినయి. సావులు మాకు మిగిలినయి."

పక్కన కూర్చున్న డీజే ఏం మాట్లాడలేదు.

హెడ్‌ఫోన్స్ ఆయన చెవులకు పెట్టి ప్లే నొక్కాం. మొదటి రెండు నిమిషాలు మర్యాదగా కూర్చున్నాడు, బస్సు కోసం ఎదురుచూసే మనిషిలా. డప్పు రాగానే చేతివేళ్లు మోకాలి మీద కదిలాయి. కొంచెం సేపటికి మొహం చిట్లించి, హెడ్‌ఫోన్స్ ఒక చెవి తీసి అన్నాడు.

"ఇది సావు దెబ్బ గదరా."

"అవు తాతా."

"మరి గింత ఉరికిచ్చినవేంది? పాడె మోసేటోల్ల అడుగుకు కొట్టేది ఇది. నువ్వు గిట్ల ఉరికిస్తే ఆల్లు కింద పడ్తరు."

తమ్ముడు నవ్వాలో వద్దో తెలియక నావైపు చూశాడు. 108ని 118 చేసిన సంగతి మేం ఇంకా చెప్పనేలేదు.

మళ్లీ విన్నాడు. ఈసారి తల అడ్డంగా ఊపాడు. "డప్పు మంచిగ పలుకలే. ఆ దినం వరిగడ్డి తడిసింది, మంట అంటుకోలే. తోలు కాగలే. నాకు సిగ్గయింది కొట్టబుద్ధి కాక."

అప్పుడు అర్థమైంది. డప్పుకు మేక తోలు బిగిస్తారు. వాయించే ముందు మంట దగ్గర కాస్తారు. వేడికి తోలు బిగిసి ఠంగుమని పలుకుతుంది. తేమ తగిలితే సాగి శబ్దం కిందికి దిగుతుంది. తమ్ముడు ఏడాదిపాటు మురిసిపోయిన ఆ లోతు, కీబోర్డు స్వరానికి అచ్చంగా సరిపోయిందన్న ఆ బొంగురు, సాంకేతికం కాదు, వరమూ కాదు. వానలో డప్పు కాగలేదు, అంతే. ఆయనకు సిగ్గనిపించిన శబ్దం మావాడికి పాటైంది.

నాలుగో నిమిషం వచ్చింది. ఆయన చూపుడువేలు పైకి లేచింది. "ఇగో, ఇక్కడ దించిన్రు."

దింపుడు కల్లం. స్మశానానికి పోయే దారిలో పాడెను ఒకచోట దించుతారు. డప్పు ఆపుతారు. పోయిన ప్రాణం తిరిగొస్తుందేమోనన్న ఆఖరి ఆశతో చెవి దగ్గర మూడుసార్లు పిలుస్తారు. పాటలో ఆ ఖాళీని తమ్ముడు ‘బ్రేక్‌డౌన్’ అంటాడు. చాలా హౌస్ పాటల్లో ఉంటుంది అట్లాంటి చోటు. కింద దెబ్బ ఆగుతుంది, వినేవాళ్లు అది తిరిగొచ్చేదాకా ఎదురుచూస్తారు.

ఆయన హెడ్‌ఫోన్స్ తీసి చేతిలో పట్టుకున్నాడు. "నా డప్పు పెట్టుకో. నాకేం బాధ లేదు. మీ మామను అడిగినవా? ఆ పిలుపు ఆయనది గద."

ఇద్దరం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. చట్టాలు చదివింది నేను, లైసెన్సుల గురించి ఉపన్యాసం ఇచ్చింది నేను. ఎవరూ ఏదీ అడగరనుకున్న మనిషికి తట్టింది, నాకు తట్టలేదు.

ఆయన షరతులు రెండు. ఒక రోజు కూలి ఇప్పుడే ఇవ్వాలి, తర్వాత వచ్చేది వస్తే రానీ. రెండోది, పేరు పెడితే ఆధార్ కార్డు మీద ఎట్లుందో అట్లనే పెట్టాలి. "ఊళ్లె పిలిచే పేరు వద్దు" అన్నాడు. అంతే, వివరంగా ఏం చెప్పలేదు. చెప్పాల్సిన పని కూడా లేదు. వచ్చేదాంట్లో సగం ఆయనకు అని తమ్ముడు తనంతట తనే అన్నాడు. స్ట్రీమింగ్‌లో సగం అంటే చాయ్ ఖర్చు కూడా కాకపోవచ్చని నిజం చెప్పాం. తెల్ల కాగితం మీద తెలుగులో రాసి గట్టిగా చదివి వినిపించాను. సంతకం చేశాడు, నిదానంగా, ఒక్కో అక్షరం.

వచ్చేటప్పుడు తమ్ముణ్ణి పిలిచి అన్నాడు. "ఎండకాలం రా బిడ్డా. తోలు మంచిగ కాగవెట్టి పెండ్లి దెబ్బ కొడ్త. గది పట్టుకో. గా తడిసిన దాన్ని ఎవలింటరు?"

రాత్రి అన్నం తిన్నాక మామకు హెడ్‌ఫోన్స్ ఇచ్చాం. తమ్ముడి చేతులు వణికాయి. మామ గోడకానుకుని విన్నాడు. నాలుగో నిమిషం దగ్గర కళ్లు మూసుకున్నాడు. పాట అయిపోయినా చాలాసేపు తియ్యలేదు.

"మంచిగుంది" అన్నాడు. తర్వాత, "నా గొంతు తీసెయ్యి" అన్నాడు.

పాటలో గుండె లాంటి చోటు అది. ఆ మూడు పిలుపుల కోసమే నేను రైలులో మూడుసార్లు విన్నాను. తమ్ముడు ఏదో అనబోయాడు. నేను వాడి మోకాలు నొక్కాను. అడగడం అంటే ‘వద్దు’ అనే జవాబుకు కూడా చోటివ్వడమే కదా. "సరే మామా" అన్నాడు వాడు.

తీసేశాడు. ఇప్పుడు ఆ చోట వాన ఒక్కటే ఉంది. నిజం చెప్పాలంటే పాట కొంచెం తగ్గింది. ఆ తగ్గుదల మాకు తెలుసు, వినేవాళ్లకు తెలియదు, ఫర్వాలేదు.

మా మామ మారిపోయాడని చెప్పను. ఆ తర్వాత కూడా ఆయన నోట్లోంచి ఆ తోక పేరు విన్నాను. కానీ వారం తర్వాత ఒక రాత్రి పదిన్నరకు నాకు ఫోన్ చేశాడు. "ఆ పాత పాట నీ ఫోన్ల ఉందారా? నాకు పంపు. ఎవ్వలకియ్యకు." పంపి, నా ఫోన్‌లో చెరిపేశాను. ‘ఫైనల్ ఫైనల్ 3’ ఇప్పుడు లోకంలో రెండు చోట్లే ఉంది. ఒకటి భూపాలపల్లిలో వెనక గదిలో, ఇంకోటి మానుకోట దగ్గర మిర్చి కల్లంలో పడుకునే ఒక రైతు ఫోన్‌లో.

మీ ఫోన్‌లోనూ ఒక వీడియో ఉండే ఉంటుంది. బోనాలదో, పెళ్లిదో, జాతరదో. వెనక డప్పు మోగుతూ ఉంటుంది. రీల్‌లో పెడతారు, పాట పేరు పెడతారు, మీ పేరు పెడతారు. ఆ డప్పు కొట్టినాయన పేరేంటో ఒకసారి మీ ఇంట్లో అడిగి చూడండి. జవాబు కంటే ముందు వచ్చే ఆ నిశ్శబ్దం ఉంది చూశారా, నాకు ఎక్కువ నేర్పింది అదే.

ఆయన పేరు ఇక్కడ ఎందుకు రాయలేదని మీరు అడగొచ్చు. పాట మీద పెట్టడానికి ఒప్పుకున్నాడు, నా వ్యాసంలో పెట్టడానికి నేను అడగలేదు.

పాటను అప్‌లోడ్ చేసే రాత్రి తమ్ముడు వీడియో కాల్ చేశాడు. ఫారంలో గడులు ఉన్నాయి: ప్రధాన కళాకారుడు, నిర్మాత, వాద్యకారులు. మొదటి గడిలో వాడు తన పేరు ఒక్కటే రాయలేదు, రెండు పేర్లు రాశాడు. ఆయన పేరు స్పెల్లింగ్ కోసం ఆయన మనవరాలికి ఫోన్ కలిపాం. ఇంటర్ చదువుతోంది. ఆధార్ కార్డు పట్టుకుని ఇంగ్లిష్ అక్షరాలు ఒక్కొక్కటి చెప్పింది. బాబాయ్ నైట్ షిఫ్ట్‌కు పోయాడు కాబట్టి వాడు గట్టిగానే తిరిగి చదివాడు.

"ఆగన్నా, ఒక అక్షరం తప్పు పోయింది" అంది ఆ పిల్ల. "మల్ల మొదటిసంది చెప్తా, రాసుకో."

వాడు మొత్తం చెరిపేసి, మళ్లీ మొదటి అక్షరం నుంచి రాయడం మొదలుపెట్టాడు.